"పిండంతే నిప్పటి": అన్ని మతాల దేవుడూ ఒకటేనని అన్నమయ్య అన్నాడా?

చెయ్యేరు గట్టు:
మతసామరస్య సభ అంటే చాలు, మన కడపలో ముందు ఈ కీర్తన పడాల్సిందే: "ఎంత మాత్రమున ఎవ్వరు దలచిన అంత మాత్రమే నీవు". దేవుడు ఒక్కడే, తలచేవాడి కొలతే వేరు అని తాళ్లపాకాయన అప్పుడే తేల్చేసినాడు. "పిండంతే నిప్పటి" అన్నాడు. నిప్పటి అంటే ఒత్తి చేసే పిండివంట. ఉండ ఎంతో నిప్పటి అంత, పిండి మాత్రం అదే. ప్రవక్త మాటల సంకలనం బుఖారీలో, అల్లా అన్నట్టుగా ఉన్న హదీసు కూడా ఇదే కదా: "నా దాసుడు నన్ను ఎట్లా అనుకుంటే నేను అతనికి అట్లా ఉంటాను". కాదనేవాళ్లు చెప్పండి.

తుంగభద్ర నీళ్లు:
కాదు. పల్లవి పాడి చివరి చరణం మింగేస్తే ఇట్లే ఉంటాది. కీర్తనలో ఎవరెవరున్నారో వేళ్ల మీద లెక్కపెట్టు. వైష్ణవులు విష్ణుడంటారు, వేదాంతులు పరబ్రహ్మమంటారు, శైవులు శివుడు, కాపాలికులు ఆదిభైరవుడు, శాక్తేయులు శక్తి. ఐదే. అన్నమయ్య 1408 నుంచి 1503 దాకా బతికినాడు, ముస్లింలను ఎరగనివాడేం కాదు. ఆ పేరు ఇందులో లేదు. చివరికి శ్రీవేంకటపతిని శరణని "ఇదియే పరతత్త్వము నాకు" అని ముగించినాడు. అహోబిలంలో ఆదివన్ శఠకోప యతి దగ్గర చదువుకున్న వైష్ణవుడు మరేం చెప్తాడు? రామానుజుల లెక్కలో నిర్గుణమంటే గుణాలే లేకపోవడం కాదు, చెడ్డగుణాలు లేకపోవడం. ఆ దేవుడికి పేరుంది, పక్కన శ్రీదేవి ఉంది, కల్యాణగుణాలున్నాయి. ఎట్లా నొక్కితే అట్లా సాగే పిండిముద్ద కాదు.

చెయ్యేరు గట్టు:
"నాకు" అన్నాడు కదా సామీ! "అందరికీ" అన్లేదు. పైగా "దరిశనములు మిము నానావిధులను తలపుల కొలదుల భజింతురు" అని ఉంది. దరిశనాలంటే అన్ని మతాలూ వచ్చేసినట్టే.

తుంగభద్ర నీళ్లు:
రాలేదు. దర్శనాలంటే సాంఖ్యం, యోగం, న్యాయం, మీమాంస లాంటివి. ఇప్పటి "మతం" అనే అర్థాన్ని తీసుకుపోయి ఐదు వందల ఏళ్ల వెనక అతికించొద్దు.

గుంతపొంగణం:
నిప్పటి దగ్గర నాకో అభ్యంతరం. ఉండ పెద్దది చేస్తే నిప్పటి పెద్దదైపోదు. మందంగా ఒత్తినావంటే పైన ఎర్రగా కాలి నడుమ పచ్చిగా ఉంటాది. పల్చగా, అంతా ఒకే మందంలో ఒత్తాల.

కోనకొండ్ల గుట్ట:
జైనుల సంగతేంటి? కుందకుందాచార్యుడిది మా కోనకొండ్లే అంటారు. ఆత్మ గురించి అంత రాసినాడు, లోకాన్ని చేసిన దేవుడు మాత్రం జైనంలో లేనేలేడు. ఆయనకు ఏ పిండి, ఏ నిప్పటి?

పెద్దదర్గా వీధి:
ముందు ఆ హదీసు దించు చెయ్యేరన్నా. అందులో "అనుకోవడం" అంటే దేవుడి రూపం ఊహించుకోవడం కాదు. క్షమిస్తాడని నమ్మితే క్షమ దొరుకుతుందని. వ్యాఖ్యాతలు దాన్ని ఆశ, క్షమాపణ కిందనే చెప్పినారు.
నీకు కావాల్సిన మాట బాగ్దాదు సూఫీ జునైద్‌ది: "నీళ్ల రంగు గిన్నె రంగే". దాన్ని పట్టుకుని ఇంకో సూఫీ ఇబ్ను అరబీ (1165-1240) ఇంకా ముందుకు పోయినాడు. ఎవడి నమ్మకంలో వాడు ఒక దేవుణ్ణి కట్టుకుంటాడు, ఆ ఒక్కదానికే ముడిపడి మిగతావి కాదంటే చాలా మేలు పోగొట్టుకుంటాడు అన్నాడు. ఇంతవరకే చదివితే అన్నమయ్య పల్లవే. కానీ అదే మనిషి అల్లాను దేనితోనూ పోల్చరాదనే తన్‌జీహ్‌ను వదల్లేదు, నమాజూ వదల్లేదు. సర్‌హింద్ షేక్ అహ్మద్ (1564-1624) దాన్నీ ఒప్పుకోలేదు. "అంతా ఆయనే" అనొద్దు, "అంతా ఆయన నుంచే" అను అన్నాడు. ఆ ఒక్క విభక్తి మీద సూఫీలు వందల ఏళ్లు వాదించుకున్నారు. మీరు ఒక సభలో తేల్చేస్తారా?

గుత్తి మలుపు:
క్రైస్తవంలోనూ గిన్నె మాట ఉంది. అందేది అందుకునేవాడి తీరును బట్టి అందుతుంది అని క్రైస్తవ పండితుడు అక్వినాస్ సూత్రం. ఆయనే 1273 డిసెంబరులో, రాసిందంతా గడ్డిపోచలా ఉందని కలం పెట్టేసినాడు. ఎక్‌హార్ట్ అనే క్రైస్తవ బోధకుడైతే "దేవుడి నుంచి నన్ను విడిపించమని దేవుణ్ణే వేడుకుంటా" అనేదాకా పోయినాడు. 1329లో పోపు ఆయనవి 28 వాక్యాలను తప్పుబట్టినాడు, అప్పటికే మనిషి లేడు. అయితే అసలు నమ్మకం గిన్నె కాదు. దేవుడే మనిషై దిగి వచ్చినాడనేది. దాన్ని "నీ కొలత నీది" అంటే క్రైస్తవుడికి ఏం మిగలదు.

ముడుమాల:
వీరబ్రహ్మంగారి ముస్లిం శిష్యుడు దూదేకుల సిద్దయ్యను ఎవరూ ఎత్తరేం?

తుంగభద్ర నీళ్లు:
ఎత్తితే ఇంకో వంద పోస్టులు. వద్దు.

చెయ్యేరు గట్టు:
మీరందరూ కలిసి గోడలే కడుతున్నారు. ఉగాదికి దేవుని కడపకు పోయి చూడండి. స్వామిని పెళ్లాడిన బీబీ నాంచారి మా ఇంటి ఆడబిడ్డ అని ముస్లింలు వచ్చి వెంకటరమణుడికి కొబ్బరికాయ కొడతారు. ఆ జనం కంటే మీ పుస్తకాలు ఎక్కువా?

పెద్దదర్గా వీధి:
వియ్యమందుకోవాలంటే రెండు ఇండ్లుండాల కదన్నా. ఒకే ఇల్లైతే ఆడబిడ్డ ఎట్లా అవుతుంది?
ఇంక అసలు మాట అనిపించేస్తున్నావు కాబట్టి చెప్తా. ఆ కీర్తనలోనే "భాగీరథి దరి బావుల ఆ జలమే యూరినయట్లు" అని ఉంది. గంగ ఒడ్డున బావులు, బావుల్లో ఊరేది గంగనీళ్లే. గంగ ఎవరు? వేంకటపతి. బావులెవరు? మిగతా అందరూ. అన్నమయ్య అట్లా పాడితే నాకు నొప్పి లేదు, ఆయన తన దేవుడికి పాడుకున్నాడు. దాన్ని సభలో మైకు పెట్టి "చూడు, మీరూ ఇందులోనే ఉన్నారు" అంటే మాత్రం ప్రతిసారీ మేము బావి, మీరు గంగ. మేము అడగని బావి.

చెయ్యేరు గట్టు:
ఆ ఉద్దేశం నాకు లేదు.

పెద్దదర్గా వీధి:
లేదని తెలుసు. తుంగభద్ర సామి నా నమ్మకం తప్పంటాడు, నేను ఆయనది తప్పంటా. ఇద్దరమూ ఒకరు చెప్పింది ఒకరం వింటున్నాం. నువ్వు మాత్రం మేమిద్దరం అన్నది అది కాదు, ఇంకేదో అంటున్నావు.

తుంగభద్ర నీళ్లు:
ఇక్కడ భాయ్‌తో నేను ఒప్పుకుంటా. మా మంత్రాలయం వైపు మధ్వమతంలో పంచభేదాలు: దేవుడికీ జీవుడికీ, దేవుడికీ జడానికీ, జీవుడికీ జీవుడికీ, జీవుడికీ జడానికీ, జడానికీ జడానికీ. భేదం నిజమన్నంత మాత్రాన పగ అని కాదు. రాఘవేంద్రస్వామి బృందావనం ముందు ఎవరు నిలబడినా ఎవరూ వద్దనరు.

చెయ్యేరు గట్టు:
బావుల చరణం సభలో పాడేటప్పుడు ఇకమీద ఆలోచిస్తా. "దరిశనములు" మాత్రం వదలను. రేపు నిఘంటువు తీసుకుని వస్తా.

గుంతపొంగణం:
అందులోనే నిప్పటి కూడా చూడన్నా. బియ్యప్పిండిదా, గోధుమపిండిదా?