అప్‌డేట్: ఖననం అయ్యేదాకా స్తుతులు ఎందుకు చదవలేదంటే

మా ఆఫీసులో యూదు మిత్రుడి నాన్నగారు పోయారని, ఖననానికి ముందు అతను స్తుతి చదవకుండానే రొట్టె తిన్నాడని, కారణమేంటని అడిగాను కదా. పరామర్శకు వెళ్తే అతనే చెప్పాడు.

కన్నవాళ్లో తోబుట్టువులో పోయినప్పటి నుంచి ఖననం దాకా ఆ మనిషిని 'ఓనేన్' అంటారు. అంత్యక్రియల ఏర్పాట్లే అతని బాధ్యత. రోజువారీ ప్రార్థనలు, భోజనానికి ముందూ తర్వాతా చదివే స్తుతులు ఉండవు. పక్కవాళ్లు చదివినా 'ఆమేన్' అనడు. మాంసం, ద్రాక్షసారా ముట్టడు. శనివారపు విశ్రాంతి దినం వస్తే మాత్రం లెక్క మారుతుంది. అయితే దుఃఖానికి గుర్తుగా బట్ట చింపుకునేటప్పుడు మాత్రం దేవుణ్ణి 'సత్యమైన న్యాయాధిపతి' అని స్తుతించే వాక్యం ఒకటి ఉంది. మిత్రుడి చొక్కాకి ఎడమవైపు, గుండె మీద ఆ చిరుగు చూశాను.

మనకూ మైలలో దీపం పెట్టరు కానీ, వాళ్ల కారణం వేరు: పోయినవాళ్ల గౌరవం, చేతిలో ఉన్న కర్తవ్యం. ఆ సమయంలో మనిషిని స్తుతించమని అడగకపోవడం నాకెంతో నచ్చింది.

ఖననం కాగానే స్తుతులు మళ్లీ మొదలు. తొలి భోజనం ఇరుగుపొరుగే తెస్తారు, ఉడికించిన గుడ్లతో. పరామర్శకు వెళ్లేవాళ్లు మాత్రం, అతను నోరు విప్పేదాకా మాట్లాడకండి.