అభిప్రాయాల పేజీలో ఎవరో ఎస్‌ఎస్‌ఐ (పేజీని పంపేముందు సర్వరే నడిపే ఆదేశం) దూర్చారు, ఫిల్టర్ ఉన్నా ఎలా?

కాలవగట్టు:
ఓ కాలేజీ పాత సైటు చూసిపెట్టమని నా నెత్తిన పెట్టారు. వెబ్ సర్వర్ అపాచీ 2.4, పేజీలన్నీ డాట్ ఎస్‌హెచ్‌టీఎంఎల్, అంటే ఎస్‌ఎస్‌ఐ కోసం సర్వర్ పార్స్ చేసే రకం. పూర్వ విద్యార్థులు ఫారంలో రాసింది పెర్ల్ స్క్రిప్టు తీసుకెళ్లి ఆ పేజీ ఫైల్లోనే అతికిస్తుంది. నిన్న ఒక అభిప్రాయంలో మాటల బదులు తేదీ, టైము ఉన్నాయి. రిఫ్రెష్ కొడితే టైము మారుతోంది! ఫైలు తెరిస్తే హెచ్‌టీఎంఎల్ కామెంట్ మొదలు, హ్యాష్, 'ఎకో' (వేరియబుల్ విలువ చూపించే ఆదేశం). కింది లైన్లో వేరియబుల్ పేరు. ఆ కింద కామెంట్ ముగింపు. కామెంట్లను పీకేసే రీజెక్స్ (అక్షరాలను వెతికి పట్టే నమూనా) స్క్రిప్టులో ఉంది మరి. "తేదీయేగా, పోయిందేముంది" అంటాడు మా బావమరిది.

పాతసర్వర్:
మూడు లైన్లలో రాశాడన్నావుగా, అదే కిటుకు. పెర్ల్ రీజెక్స్‌లో ఎస్ ఫ్లాగ్ లేకపోతే చుక్క (ఏ అక్షరానికైనా సరిపోయే గుర్తు) లైను దాటదు. అపాచీకి మాత్రం లైను మారినా ఖాళీ జాగాతో సమానమే. ఈ పీకుడు ఫిల్టర్ల కథ పాతదే తమ్ముడూ. 1999లో గెస్ట్‌బుక్ డాట్ పీఎల్ అనే స్క్రిప్టు ఇలాగే కామెంట్లు తీసేసేది. అపాచీ 1.3.9 కామెంట్‌కు వేరే ముగింపులను కూడా ఒప్పుకోవడంతో కమాండ్లు దూరిపోయాయి.
మీ బావమరిదికి చెప్పు: వాడు తేదీ కోసం రాలేదు, తలుపు గడియ పడిందో లేదో తోసి చూశాడు. తర్వాత వచ్చేది 'ఎగ్జెక్', అంటే సర్వర్‌లో కమాండ్ నడిపే ఆదేశం. అపాచీ కాన్ఫిగ్ ఆప్షన్స్‌లో ఉత్త 'ఇన్‌క్లూడ్స్' ఉంటే అపాచీ యూజర్ పేరు మీద షెల్ కమాండే నడుస్తుంది. ముందు దాన్ని 'ఇన్‌క్లూడ్స్‌నోఎగ్జెక్' చెయ్యి. అసలు మందు అది కాదు, 'ప్రింట్‌ఎన్వ్' (వేరియబుల్స్ అన్నీ చూపించే ఆదేశం) అప్పటికీ పనిచేస్తుంది. జనం రాసింది సర్వర్ పార్స్ చేసే ఫైల్లోకి పోనేకూడదు. వేరే డేటా ఫైల్లో దాచి, చూపించేటప్పుడు పెర్ల్ ఫంక్షన్ 'ఎన్‌కోడ్_ఎంటిటీస్'తో యాంగిల్ బ్రాకెట్లను మార్చు.

చుక్కలముగ్గు:
'ఎక్స్‌బిట్‌హ్యాక్' అనే అపాచీ సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే ఎగ్జిక్యూట్ బిట్ ఉన్న మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైళ్లు కూడా పార్స్ అవుతాయి. ఎవరో ఎప్పుడో 777 (అందరికీ అన్ని అనుమతులు) కొట్టి ఉంటారు, పాత సైట్లలో తప్పదు. ఇలాంటివి ఇంకా ఉన్నాయేమో ఫైళ్లన్నిటిలో గ్రెప్ చేయండి (వెతకండి). లాగ్‌ను నమ్ముకోకండి, పోస్ట్‌లో వచ్చిన బాడీ యాక్సెస్ లాగ్‌లో ఉండదు.

కాలవగట్టు:
గ్రెప్ చేశా అన్నా. ఇంకోటి దొరికింది, ఈసారి 'ఎగ్జెక్', 'హూయామ్ఐ' (ఏ యూజర్ పేరు మీద నడుస్తోందో చెప్పే కమాండ్). పేజీలో దాని చోట డైరెక్టివ్ ఎర్రర్ మెసేజ్ ఉంది. నెలరోజులుగా చూస్తూనే ఉన్నా, పాత సైటు కదా ఏదో విరిగిందిలే అనుకున్నా. కాన్ఫిగ్‌లో 'నోఎగ్జెక్' ఎవరో ముందే పెట్టి ఉంచారు. ఎక్స్‌బిట్‌హ్యాక్ ఆఫ్. ఫారం ఇప్పటికి తీసేశా. ఆదివారం కూర్చుని డేటా ఫైలుకు మారుస్తా.