నొప్పులు రప్పిస్తే సిజేరియనేనా?

ప్రశ్న: తొలి కాన్పు, 41 వారాలు నిండుతున్నాయి, డాక్టర్ ఇండక్షన్ అంటున్నారు. మందులతో నొప్పులు రప్పిస్తే చివరికి ఆపరేషనే అని అందరూ భయపెడుతున్నారు, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: ఆ భయం పాతది. 2018లో వచ్చిన అమెరికా అరైవ్ అధ్యయనంలో, ఏ ఇబ్బందీ లేని తొలిచూలు వాళ్లలో, 39వ వారంలో ఇండక్షన్ చేస్తే సిజేరియన్లు 18.6 శాతం, ఆగి చూసినవాళ్లలో 22.2. పిల్లల విషయంలో పెద్ద తేడా కనబడలేదు.

జవాబు 2: లెక్కలు సరే, ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పరు! నాకు రాత్రి ముఖద్వారం మెత్తబడే జెల్ పెట్టారు, తెల్లారినా ఏమీ లేదు, నొప్పులు రప్పించే ఆక్సిటోసిన్ డ్రిప్ పెట్టాక మాత్రం ఊపిరి తీసుకోనివ్వలేదు, పొట్టకు మానిటర్ బెల్టు, పక్కకు తిరగాలన్నా నర్సును పిలవాలి. రెండోరోజు సాయంత్రం మామూలు కాన్పే అయింది.

జవాబు 3: గర్భాశయ ముఖద్వారం మెత్తబడిందా, బిషప్ స్కోరు (ముఖద్వారం కాన్పుకు ఎంత సిద్ధంగా ఉందో చెప్పే లెక్క) ఎంత అని అడగండి. 42 వారాలు దాటేదాకా మాత్రం ఆగొద్దు, బిడ్డకు రిస్క్ పెరుగుతుంది.