లావు ఊలుతో ఒక్క సాయంత్రంలో అయ్యే క్రోషా టోపీ: కొలతలు, చిట్కాలు చెప్పండి

పాలకొల్లు_మనవరాలు (హైదరాబాద్)
మా తమ్ముడు జనవరి సెమిస్టరుకి మినియాపొలిస్ వెళ్తున్నాడు, వచ్చే వారమే ఫ్లైటు. నా చేత్తో అల్లిన టోపీ పెట్టుకుని అక్కడ దిగాలని నా కోరిక. అమ్మమ్మ దగ్గర సన్న దారంతో లేసు అల్లడం నేర్చుకున్నాను గానీ లావు ఊలు ఎప్పుడూ పట్టుకోలేదు. వాడి తల చుట్టుకొలత 55 సెం.మీ. ఎంత ఊలు కావాలి? ఏ సైజు హుక్కు? పైనుంచి మొదలుపెట్టాలా, అంచు నుంచా?

ఊలుబుట్ట
లేసు వచ్చినవాళ్ళకి కుట్లు కొత్తవేం కాదండి, లెక్క ఒక్కటే మారుతుంది. 55 తలకి టోపీ 50 చాలు. అల్లిక సాగుతుంది, ఆ సాగుడే తలని పట్టుకుంటుంది. సరిగ్గా 55 అల్లితే రెండు రోజుల్లో వదులై కళ్ళ మీదికి జారుతుంది.

లేబుల్ మీద లావు సూచించే అంకె 6 ఉన్న ఊలు, 9 లేదా 10 మి.మీ. హుక్కు తీసుకోండి. ముందు చిన్న ముక్క అల్లి కొలవండి, 10 సెం.మీ.కి 8 కుట్లు రావాలి. కుట్టు హాఫ్ డబుల్, అమెరికా లెక్కలో (హుక్కుకి ఊలు ఒకసారి చుట్టి, గుచ్చి పైకి లాగి, హుక్కు మీదున్న మూడు ఉచ్చుల్లోంచీ ఒకేసారి లాగేది). నడినెత్తి నుంచి మొదలుపెట్టండి: మ్యాజిక్ రింగులో (కుట్లు వేశాక కొస లాగి బిగించే ఉచ్చు) 8, తర్వాత చుట్టు చుట్టుకీ 8 చొప్పున పెంచుతూ 16, 24, 32, 40. ఇక్కడ ఆగి స్కేలు పెట్టండి, బిళ్ళ అడ్డం 16 సెం.మీ. ఉండాలి. ఎందుకంటే 50ని 3.14తో భాగిస్తే వచ్చేది అంతే. ఈ ఒక్క కొలత కుదిరితే మిగతా టోపీ దానంతటదే కుదురుతుంది. అక్కణ్ణుంచి పెంచకుండా 8 చుట్లు వేస్తే పొడవు దాదాపు 21 సెం.మీ. వస్తుంది.

గోదారి_లేసు (నరసాపురం)
అమ్మా, మనం లేసు అల్లేటప్పుడు దారం వేలికి బిగించి పట్టుకుంటాం. ఆ బిగి ఇక్కడ వద్దు. లావు ఊలు బిగించి లాగితే టోపీ అట్టలా గట్టిపడుతుంది, సాగదు. మణికట్టు కూడా నొప్పి పుడుతుంది. ఊలు వేలికి చుట్టకుండా వేళ్ళ మధ్యనుంచి వదులుగా జారనివ్వు. హుక్కుని పెన్నులా కాకుండా కూరగాయల చాకు పట్టుకున్నట్టు పట్టుకుంటే చేయి అలవకుండా పని సాగుతుంది.

మంచూరు_పిన్ని (మినియాపొలిస్)
ఇక్కడి చలి గురించి ఒక మాట. గట్టి చలి పట్టినప్పుడు మైనస్ 20 సెల్సియస్ కిందికి దిగుతుంది, గాలి తోడైతే చెవులు మండిపోతాయి. ఊలు లావుగా ఉంటే సరిపోతుందనుకోకండి. క్రోషాలో కుట్టుకీ కుట్టుకీ మధ్య సందులుంటాయి, ఊలు లావయ్యేకొద్దీ ఆ సందులూ పెద్దవవుతాయి. గాలి నేరుగా లోపలికొస్తుంది. అందుకని రెండు పనులు చెయ్యండి. పొడవు ఇంకో 4 చుట్లు పెంచి అంచు పైకి మడవండి, చెవుల మీద రెండు పొరలు పడతాయి. లోపల చెవుల చుట్టూ 10 సెం.మీ. వెడల్పున ఫ్లీస్ (మెత్తటి నూగు గుడ్డ) పట్టీ చేత్తో కుట్టండి. మా ఇంట్లో పిల్లలందరి టోపీలకీ ఆ పట్టీ ఉంది, అది లేనిదే నేను బయటికి పంపను.

సికింద్రాబాద్_అత్త
6 నంబరు ఊలు మన కొట్లల్లో అంత ఈజీగ దొరకదు బిడ్డా. ఆన్‌లైన్‌ల తెప్పిస్తే వారం దాటొచ్చు. మామూలు 4 నంబరు ఊలు మూడు ఉండలు తీస్కొని మూడు పోగులు కలిపి అల్లు. ఒకే రంగే కావాలని లేదు, బూడిద, నలుపు, నీలం కలిపితే మస్తుంటది. ఒక్కటే జాగ్రత్త, ప్రతి కుట్టుకి మూడు పోగులు హుక్కుల పడ్డయా లేదా చూస్కోవాలె. ఒక్క పోగు జారినా పైకి ఉచ్చు తేలుతది.

పాలకొల్లు_మనవరాలు
అందరికీ చాలా థాంక్సండీ. మూడు పోగులతో మొదలుపెట్టాను, బూడిద రంగు. మూడో చుట్టు దాటాక అంచు అలలు అలలుగా లేస్తోంది, బిళ్ళ చదునుగా పడుకోవట్లేదు. లెక్క మాత్రం సరిగ్గానే 24 ఉంది.

ఊలుబుట్ట
లెక్క సరిపోయీ అలలు లేస్తున్నాయంటే మీ కుట్టు ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. ప్రతి చుట్టుకీ 8 బదులు 7 పెంచి చూడండి. ఎవరికైనా దీనికి రివర్సుగా గిన్నెలా ముడుచుకుంటుంటే 9 పెంచాలి. 7తో వెళ్తే ఐదో చుట్టుకి 35 అవుతాయి, కంగారొద్దు. కుట్ల సంఖ్య పక్కన పెట్టి ఆ 16 సెం.మీ. వచ్చేదాకా చూసుకోండి.

అడ్డం_అల్లిక (వరంగల్)
నేనైతే పైనుంచి అల్లను. టోపీ ఎత్తుకి సరిపడా గొలుసు వేసి, కింది వరస కుట్టు తలమీది రెండు పోగుల్లో వెనక పోగులోనే హాఫ్ డబుల్ వేస్తూ అడ్డంగా పట్టీ అల్లుతాను. చారలు చారలుగా వస్తుంది, ఎలాస్టిక్ లాగ సాగుతుంది. తల కొలత అటూ ఇటూ అయినా సరిపోతుంది. 50 సెం.మీ. అవ్వగానే రెండు అంచులు కలిపి కుట్టి, పై అంచు చుట్టూ పోగు గుచ్చి లాగి ముడుచుకోవడమే. ఆ ముడుపుకి మాత్రం లావు ఊలు వాడొద్దు. మెత్తగా పేనిన లావు ఊలు గట్టిగా లాగితే పుటుక్కున తెగుతుంది. అదే రంగు సన్న ఊలు రెండు పోగులు చేసి లాగండి.

మంచూరు_పిన్ని
అడ్డం అల్లికకి నా ఓటు కూడా. మడిచిన అంచు దాంట్లోనే చక్కగా నిలబడుతుంది.

చింతపల్లి_చలి
యాక్రిలిక్ కంటే అసలు ఉన్ని ఎంతో మేలు కదా? మా ఏజెన్సీలో డిసెంబరు పొద్దున్న మంచుకి టోపీ తడుస్తుంది. ఉన్ని తడిసినా వెచ్చగానే ఉంటుంది.

ఊలుబుట్ట
వెచ్చదనం మాట నిజమే. కానీ హాస్టల్లో ఉండే పిల్లాడు టోపీని విడిగా చల్లనీళ్ళలో ఉతుకుతాడా? వేడినీళ్ళలో వాషింగ్ మెషీన్‌లో తిరిగితే మామూలు ఉన్ని ముడుచుకుపోయి పసిపిల్లల టోపీ అవుతుంది. ఈ సందర్భానికి యాక్రిలిక్కే మంచిది. ఇస్త్రీ మాత్రం పెట్టొద్దు, వేడికి జావగారిపోతుంది. అక్కడే కొనుక్కునేవాళ్ళకి లయన్ బ్రాండ్ వుల్-ఈజ్ థిక్ అండ్ క్విక్ ఉంది, 80 శాతం యాక్రిలిక్, 20 శాతం ఉన్ని. 170 గ్రాముల ఉండలో 97 మీటర్లుంటుంది, ఒక టోపీకి చాలు.

పాలకొల్లు_మనవరాలు
7తో చదునుగా పడుకుంది! ఇప్పుడు పొడవు 26 వచ్చింది, అంచు మడిచాక 21. మా పాత ఫ్లీస్ దుప్పటి ఒకటుంది, లోపలి పట్టీ దాంట్లోంచి కత్తిరించొచ్చా? ఊలు కొసలు ఎలా దాచాలి?

మంచూరు_పిన్ని
నిరభ్యంతరంగా కత్తిరించమ్మా. రెండు వైపులా లాగి చూసి, ఎటు ఎక్కువ సాగుతుందో అటు తల చుట్టూ వచ్చేలా కత్తిరించు. పట్టీ సాగకపోతే టోపీ కూడా సాగదు. కుట్టేటప్పుడు దారం బిగించకుండా వదులు వదులుగా కుట్టు.

గోదారి_లేసు
కొసలు జానెడు వదిలి మూడు పోగులూ విడదీసెయ్. ఒక్కొక్క పోగునీ ఒక్కో దిక్కుకి సూదితో దూర్చి, మళ్ళీ వెనక్కి తిప్పి దూర్చు. మూడూ కలిపి ఒకేచోట దాస్తే నుదుటికి గట్టిగా తగులుతుంది.