అప్‌డేట్: డ్రమ్ముల కింద నక్కి నడిచే సినిమా దొరికింది

చిన్నప్పుడు టీవీలో చూసిన నలుపు తెలుపు ఇంగ్లీషు సినిమా పేరు అడిగాను కదా, మనుషులు ఇనప డ్రమ్ముల్లో దూరి సముద్రం వైపు పాకుతుంటే తోడేళ్లలాంటివి మీదపడతాయని? అది 1959 నాటి ‘ది కిల్లర్ ష్రూస్’. డ్రమ్ముల సంగతిని బట్టి పేరు చెప్పినవారికి చాలా థాంక్స్.

నిన్న మళ్లీ చూశా. అవి తోడేళ్లు కాదండీ, కుక్కలంత పెరిగిన చుంచెలుకలట! వేటకుక్కలకే బొచ్చు కప్పి, కోరలు తగిలించి పరిగెత్తించారు. దగ్గరి షాట్లలో మాత్రం చేతికి తొడుక్కునే బొమ్మ. చిన్నప్పుడు దుప్పటి ముసుగేసుకుని చూసింది దీన్నా! మా చెల్లి నవ్వు ఆపలేదు.

కొందరు చెప్పిన ‘విల్లర్డ్’ కాదు. అది 1971ది, రంగుల్లో ఉంటుంది. ‘రష్యాలో తీశారేమో’ అన్న నా అనుమానమూ తప్పే, తీసింది టెక్సస్‌లో. కాపీరైట్ లేదు కాబట్టి యూట్యూబ్‌లో ఉచితంగానే దొరుకుతుంది.