పది రోజుల్లో పాడైన మందుకి ఫెంటోసెకన్ల లెక్క ఎందుకు?

గుణుపురం మందులషాపు:
హైడ్రోజన్ పెరాక్సైడ్ మాకు గోధుమరంగు సీసాల్లో వస్తుంది. మొన్న ఒకాయన కొంచెం చాలంటే తెల్ల సీసాలో పోసిచ్చాను. తప్పు నాదే. పది రోజులు వాళ్ల అరుగు మీద ఎండలో ఉందట. తిరిగి తెస్తే పచ్చి బంగాళాదుంప ముక్క మీద చుక్కలు వేసి చూశాను. షాపు సీసాలోది బుసబుసా పొంగింది. ఆయనది నాలుగు బుడగలు వచ్చి ఊరుకుంది.

బరంపురంలో చదివే మా మేనల్లుడేమో వెలుగుకి పెరాక్సైడ్ అణువు విరగడం ఫెంటోసెకన్లలో జరుగుతుందంటాడు. సెకనుని పది కోట్ల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్కట! పది రోజుల సంగతికి అంత ఖరీదైన లేజర్లెందుకు? పర్మాంగనేట్‌తో టైట్రేషన్ చేస్తే, అంటే చుక్కచుక్కగా కలిపి కొలిస్తే, ఎంత మిగిలిందో తెలిసిపోదా?

బరంపురం విద్యార్థి:
మావయ్యా, ఆ మేనల్లుణ్ణి నేనే. పది రోజులు పట్టింది ఒక అణువు విరగడానికి కాదు, అన్నిటికీ వంతు రావడానికి. విరిగే అణువు మటుకు వెలుగు తగిలిన ఆ క్షణంలోనే విరుగుతుంది.

చూసే పద్ధతి చెప్తాను. ఒక లేజర్ మెరుపు అణువుని విరగ్గొడుతుంది, వెనకే వచ్చే రెండోది ఏం మిగిలిందో చూస్తుంది. రెండో దాని దారిలో అద్దాన్ని 15 మైక్రాన్లు వెనక్కి జరిపితే రానూ పోనూ 30 మైక్రాన్ల దూరం పెరుగుతుంది, అంటే 100 ఫెంటోసెకన్లు ఆలస్యం. వెంట్రుక మందం కూడా లేని ఆ జరుపుడే మా గడియారం! రసాయన శాస్త్రవేత్త అహ్మద్ జెవైల్ ఈ దారిలోనే వాయువులో అయొడిన్ సయనైడ్ 200 ఫెంటోసెకన్లలో విడిపోవడం చూశారు. 1999లో నోబెల్ వచ్చింది.

కానీ నీ సీసాలో ఉన్నది వాయువు కాదు, నీళ్లు. విరిగిన రెండు ముక్కలూ పారిపోదామంటే చుట్టూ నీటి అణువులు గుమిగూడి ఉంటాయి. తిరునాళ్లలో చెయ్యి వదిలిన ఇద్దరూ జనం తోపులాటకి మళ్లీ ఒకరి మీద ఒకరు పడ్డట్టు, చాలాసార్లు మళ్లీ అతుక్కుంటాయి. చుట్టూ ఉన్న అణువులే పంజరమన్నమాట. ఫ్రాంక్, రాబినోవిచ్ అనే శాస్త్రవేత్తలు 1934లోనే ఈ పంజరం మాట చెప్పారు. 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి పీల్చుకున్న పెరాక్సైడ్ అణువుల్లో ముక్కలై తప్పించుకునేది సుమారు సగమే.

గుణుపురం మందులషాపు:
ఆ సగం లెక్క లేజర్ లేకుండానే వస్తుంది కదరా?

బరంపురం విద్యార్థి:
వస్తుంది మావయ్యా. కానీ మిగతా సగం అసలు విరగలేదా, విరిగి అతుక్కుందా? టైట్రేషన్‌కి రెండూ ఒకటే. నా పట్టుదలంతా అక్కడే.

పర్లాకిమిడి మాస్టారు:
బాబూ, నీ ప్రశ్న మంచిదే. అయితే త్వరగా చూసినంత మాత్రాన సరిగ్గా చూసినట్టు కాదు. ద్రావణంలో అయొడిన్‌ని 1974లో పికోసెకన్ లేజర్‌తో విరగ్గొట్టి చూశారు. పికోసెకనంటే వెయ్యి ఫెంటోసెకన్లు. పోయిన రంగు వంద పికోసెకన్ల చుట్టుపక్కల తిరిగొచ్చింది. అతుక్కోవడానికి పట్టే సమయం అదేననుకున్నారు. తర్వాత తేలిందేమిటంటే, అతుక్కోవడం కొద్ది పికోసెకన్లలోనే అయిపోతుంది. అతుక్కున్న అణువు కాగిపోయి ఊగుతూ ఉంటుంది, ఆ వేడి ద్రావణానికి ఇచ్చి చల్లారడానికే మిగతా సమయం. కొలత తప్పు కాదు, దానికి చెప్పుకున్న అర్థం తప్పు. అందుకే ఒక్క రంగు సిగ్నల్ చూపించి పంజరం రుజువైందంటే నేను ఒప్పుకోను.

బరంపురం విద్యార్థి:
నిజమే మాస్టారూ. అందుకే ఇప్పుడు ఒక్క రంగుతో ఆగరు. ఇన్‌ఫ్రారెడ్‌లో బంధాల ఊపుని కూడా పట్టి చూస్తారు. కానీ అణువు చల్లారుతోందని కనిపెట్టింది కూడా ఇంకా వేగంగా చూడబట్టే కదండీ?

పర్లాకిమిడి మాస్టారు:
అది కాదనను.

గుణుపురం మందులషాపు:
సరే, నాకు పనికొచ్చేది ఒకటి చెప్పండి. నీళ్ల బదులు గ్లిజరిన్ లాంటి చిక్కటి ద్రవమైతే ముక్కలు తప్పించుకోవడం ఇంకా కష్టమేనా?

పర్లాకిమిడి మాస్టారు:
కష్టమేనండీ. చిక్కదనం పెరిగేకొద్దీ అతుక్కునేవి పెరుగుతాయి. ఏ మందుకి ఎంతన్నది మాత్రం దేనికది కొలవాల్సిందే.

గుణుపురం మందులషాపు:
ఆయనకి కొత్త సీసా ఇచ్చేశాను, గోధుమరంగుదే. ఒరేయ్, దసరాకి వచ్చినప్పుడు ఆ అద్దం జరిపే సంగతి బొమ్మ గీసి చూపించు.