98 లక్షలు చెప్తున్నడు, కొత్త ఇల్లు. ఎంతకు దిగుతడు?

భీమారం కొత్తోడు:
హనుమకొండ దగ్గరి భీమారంల 150 గజాల్లో కొత్త ఇల్లు చూసినం. తూర్పు ముఖం, కింద మీద కలిపి స్లాబు 2,100 చదరపు అడుగులని బిల్డరు మాట. 98 లక్షలు చెప్తున్నడు. రంగులు, మీది అంతస్తు కరెంటు పని మిగిలింది. పైసలు ఎక్కువ భాగం బ్యాంకు లోను తీస్కునే కట్టాలె. 90కి అడిగితే నవ్వుతడా? పైగా జీఎస్టీ 5 శాతం అదనం అంటున్నడు, అది నిజమేనా?

లెక్కలసారు:
ముందు ఆయన ఖర్చెంతో మీరే వేసుకోండి. స్థలం గజం 28 వేలనుకుంటే 42 లక్షలు. కట్టుబడి అడుగుకు 1,900 చొప్పున 39.9 లక్షలు. బోరు, సంపు, ప్రహరీ, పర్మిషన్, మీటర్లు కలిపి 4 లక్షలు. మొత్తం 85.9. అంటే 98లో 12 లక్షల పైచిలుకు లాభం ఉంది. 90 అడగడం తప్పేమీ కాదు.
జీఎస్టీ సంగతి: కంప్లీషన్ సర్టిఫికెట్ (ఇల్లు పూర్తయిందనే కాగితం) వచ్చాక మొదటి రూపాయి ఇస్తే జీఎస్టీ ఉండదు. పని నడుస్తుండగా అడ్వాన్స్ ఇస్తే ఉంటుంది. 45 లక్షలు దాటిన ఇల్లు కాబట్టి తక్కువ ధర ఇళ్లకుండే 1 శాతం రేటు మీకు వర్తించదు, 5 శాతమే. కాబట్టి ఆ కాగితం చేతికి రాకముందు టోకెన్ కూడా ఇవ్వకండి.

సెంట్రింగ్‌అన్న:
సారు, కాగితం మీద ఇల్లు కట్టుడు మస్తు అల్కగుంటది. వడ్డీ యాడబోయింది? స్థలం పైసలు 14 నెలలు ఇరుక్కుంటయి. నూటికి నెలకు రూపాయి మిత్తి ఏసినా 42 లక్షల మీద 5.88 లక్షలు. కట్టుబడి పైసలు మెల్లమెల్లగ పెడ్తం గనక సగం మీద ఏస్తే ఇంకో 2.8. మీ 85.9కి ఇది కలిపితే 94.6 అయితది. 90 అంటే బిల్డరు జేబుకెల్లి ఇయ్యాలె.

మడికొండ మామ:
దర్వాజలు టేకువా, వేపవా? అది చెప్పకుండ రేటేంది?

టేపుపట్టినోడు:
2,100 అన్నది ఎట్ల కొలిచిండు? అసలు తగాదా అక్కడుంది. పోర్టికో, మెట్ల మీది గది, సజ్జలు, బయటికి వచ్చిన స్లాబు అంచు, అన్నీ స్లాబులోనే కలుపుతరు. టేపు తీస్కపోయి గోడ బయటి అంచు నుంచి బయటి అంచుకు అంతస్తుకొకటి కొలువు. పోర్టికోకు గోడలు లేవు, టైల్స్ ఖర్చు తక్కువ, కాబట్టి సగం లెక్క. సజ్జకు లెక్కే లేదు. వచ్చిన అంకె ఇక్కడ పెట్టు.

సెంట్రింగ్‌అన్న:
పోర్టికో స్లాబుకు స్టీలు ఏసిండా లేదా? కంకర, సిమెంటు ఏసిండా లేదా? సెంట్రింగు కొట్టిండా లేదా? మరి సగమేంది?

టేపుపట్టినోడు:
గోడ లేదు, ప్లాస్టరింగ్ లేదు, కిటికీ లేదు, వైరింగ్ ఒక్క బల్బుకు. అడుగు 1,900 అనే రేటులో ఇవన్నీ కలిసే ఉన్నయి. ఉత్త స్లాబు వేసి ఇంటి రేటు అడిగితే ఎట్ల?

సెంట్రింగ్‌అన్న:
అడ్వాన్స్ 11 వేలు చేతుల పెట్టి, మూడు నెలలు తిప్పి, ఆఖరికి బాత్రూం టైల్ రంగు నచ్చలేదని వాపసు అడిగే పార్టీలకు ఈ సగం లెక్కలే గుర్తుంటయి.

హంటర్‌రోడ్డు:
రేటు సంగతి తర్వాత. 2023 జూలై వానలకు ఇక్కడి కాలనీలు ఎట్ల మునిగినయో యాదికుందా? భీమారంల నాలా ఎటు పోతదో, చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు వచ్చే) హద్దు యాడిదాంక ఉన్నదో చూసి అడుగు ముందుకెయ్యి.

భీమారం కొత్తోడు:
నిన్న కొలిచినం. పోర్టికో సగం వేసి, మెట్ల గది తీసేస్తే 1,930 వచ్చింది.

టేపుపట్టినోడు:
170 అడుగుల తేడా. 1,900 చొప్పున 3.23 లక్షలు. ఈ ఒక్క మాటతోనే మొదలువెట్టు. రేటు ఎక్కువైందని అనకు, కొలత తప్పని అను. ఎక్కువ అంటే ఆయన కాదంటడు, కొలత అంటే టేపు పట్టాల్సిందే.

మడికొండ మామ:
టేకైతే అది బల్లార్షాదా, బయటి దేశపుదా? చౌకట్ల మందం 5 అంగుళాలు 3 అంగుళాలు ఉండాలె. ఎవ్వలు చెప్తలేరు.

లెక్కలసారు:
మామా, తలుపులు చూస్తాడు లెండి. సెంట్రింగ్‌అన్న వడ్డీ లెక్కను నేను కాదనను, కానీ అది కొనేవాడికే బలం. 86 లక్షలు ఇరుక్కున్నవాడికి నెలకు 86 వేలు పోతున్నాయి. ఇప్పుడు ఆషాఢం. గృహప్రవేశాలుండవు, చూసిపోయేవాళ్లే తప్ప కొనేవాళ్లు రారు. శ్రావణం వచ్చిందంటే ఆ ఇంటికి నలుగురు పోటీ. లోను మంజూరు కాగితం చేతిలో పెట్టుకుని, నెల రోజుల్లో రిజిస్ట్రేషన్ చేసుకుంటామని ఇప్పుడే అడగాలి. రెండు నెలల వడ్డీ 1.72 లక్షలు మీకు తగ్గించినా ఆయనకు నష్టం లేదు.

టేపుపట్టినోడు:
పని పరీక్ష కూడ ఇప్పుడే. బాత్రూంల నీళ్లు పోయే బొక్క మూసి రెండంగుళాల నీళ్లు 24 గంటలు నిలపెట్టు, కింద స్లాబుకు తడి వస్తే సంకు స్లాబు (బాత్రూం కింద దించి వేసే స్లాబు) వాటర్‌ప్రూఫింగ్ సరిగ చెయ్యలేదన్నట్టు. టైల్స్ మీద రూపాయి బిళ్లతో కొట్టు, డొల్ల చప్పుడు వచ్చిన టైలు తర్వాత లేవొచ్చు. బేస్‌మెంటు దేంతో నింపిండో అడుగు. నల్లరేగడితో నింపితే ఎండకాలం కుంగి, నేల బండలు దిగుతయి. మొరం పొరలు పొరలుగ పోసి, నీళ్లు కొట్టి దిమ్మెస చెయ్యాలె. గోడ కింది భాగంల తెల్లటి ఉప్పు పొక్కితే, ప్లింత్ బీం మీద డీపీసీ (తేమ పైకెక్కకుండ వేసే పొర) సరిగ లేదేమో చూడాలె, దాని మీద పుట్టీ ఎన్నిసార్లు పెట్టినా రాలుతది.
ఇవన్నీ రిజిస్ట్రేషన్ ముందే చేయించుకో. డీడీ చేతికి పోయినంక ఫోన్ ఎత్తడు.

సెంట్రింగ్‌అన్న:
అందరు గట్ల ఉండరు.

టేపుపట్టినోడు:
ఉండకపోతే అగ్రిమెంటుల రాయమను. 150 గజాలంటే 125 చదరపు మీటర్లు, 500 దాటదు గనక రెరా (ఇండ్ల ప్రాజెక్టుల చట్టం) రిజిస్ట్రేషన్ అక్కర్లేదు అంటడు. రెరా ప్రాజెక్టుకు కట్టడంల లోపానికి ఐదేండ్లు బాధ్యత చట్టంల ఉన్నది. ఇక్కడ అది మనమే రాసుకోవాలె. అదే వరుసల ఆయనవే ఐదారు ఇండ్లుంటే మాత్రం సంగతి వేరే, అన్నీ ఒకే ప్రాజెక్టని అడగొచ్చు.

భీమారం కొత్తోడు:
మాట్లాడినం. కొలత ముందల పెడితే 95కి దిగిండు. ఆఖరుకు 91కి ఇస్త అన్నడు, కానీ కాగితం మీద 60 రాసుకోవాలె, 31 నగదు.

సెంట్రింగ్‌అన్న:
తీస్కో. 98ది 91 అయింది, ఇంకేంగావాలె? రిజిస్ట్రేషన్ 7.5 శాతం గనక 31 లక్షల మీద నీకు 2.32 లక్షలు మిగిలినట్టే.

లెక్కలసారు:
దయచేసి తీసుకోకండి! 30 నుంచి 75 లక్షల లోనుకు బ్యాంకు ఇచ్చేది 80 శాతం. 91 రాస్తే 72.8 లక్షలు వస్తుంది, మీరు పెట్టాల్సింది 18.2. 60 రాస్తే 48 వస్తుంది, మీరు పెట్టాల్సింది 43. అందులో 31 నగదు. అది ఎక్కడి నుంచి తెచ్చారో ఎవరికి చెప్తారు? రేపు అమ్మితే మీ కొనుగోలు ధర 60 అనే లెక్క, దాచిన 31 మీద 12.5 శాతం చొప్పున 3.87 లక్షల పన్ను మీ నెత్తిన. మిగిలిందన్న 2.32 ఎటు పోయింది? ఇదేనా తగ్గింపు? ఆయన పన్ను ఎగ్గొట్టి అందులో కొంత మీ చేతిలో పెడుతున్నాడు.

సెంట్రింగ్‌అన్న:
ఎగ్గొట్టుడని తేలిగ్గ అనకు సారు. స్థలం అమ్మినాయన గజం 28 వేలు తీస్కోని 12 వేలకు రాసి ఇస్తడు. గజానికి 16 వేల చొప్పున 24 లక్షల ఖర్చు బిల్డరు యాడ చూపియ్యాలె? మొత్తం తెల్లగ అమ్మితే, చెయ్యని లాభానికి 30 శాతం పన్ను, 7.2 లక్షలు కట్టాలె. 98కీ 91కీ తేడా ఎంత? లెక్క నువ్వే చెయ్యి.

లెక్కలసారు:
చేశాను. అంటే ఆ 7 లక్షలు ఇంటి ధర కాదు. స్థలం కొన్ననాడు ఆయన ఒప్పుకున్న నల్ల లెక్కకు పడే పన్ను. దాన్ని కొనేవాడు ఎందుకు మోయాలి?

సెంట్రింగ్‌అన్న:
మరి స్థలం అమ్మినోడు మోస్తడా? బిల్డరు ఒక్కడేనా దొంగ?

లెక్కలసారు:
దొంగ అని నేను అనలేదు. 12 వేలకు రాయించుకున్నది ఆయన సంతకమే కదా.

హంటర్‌రోడ్డు:
ఇద్దరు వేరేవేరే మాట్లాడుతున్నరు. పిలగాడు ఏం చెయ్యాలో చెప్పున్రి.

టేపుపట్టినోడు:
పూర్తి కాగితం మీద 93.5 అడుగు. రంగులు, కరెంటు పని, ఓసీ (ఇంట్ల ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్), రెండు మీటర్లు ఆయన ఖర్చే. 50 లక్షలు దాటింది గనక 1 శాతం టీడీఎస్ (కొనేటోడు ముందే కోసి కట్టే పన్ను), 93,500, ఆయనకిచ్చే దాంట్లకెల్లి కోసి కట్టు, మీద కలిపి కాదు.

సెంట్రింగ్‌అన్న:
పూర్తి తెల్లగ అయితే 94కి నేనైతే ఇస్త. పోర్టికో మాత్రం పూరా లెక్కే.

మడికొండ మామ:
తలుపులు?

భీమారం కొత్తోడు:
దర్వాజలు వేప, ఒక్క మెయిన్ డోర్ టేకు మామా. రేపు మళ్ల పోతున్నం.